బెయిల్ వచ్చింది, జామీను దొరకలేదు: ఎనిమిది వేలకు షూరిటీని మాట్లాడుకోవచ్చా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది తిరుపతి జీవకోన. మా తమ్ముడు ఆటో నడుపుతాడు. పోయిన నెల స్టాండులో జరిగిన గొడవలో ఒకతనికి తల పగిలింది. కేసులో మావాడి పేరు కూడా రాసి రిమాండుకు పంపారు. కోర్టు బెయిల్ ఇచ్చి 9 రోజులైంది. 20 వేల చొప్పున ఇద్దరు షూరిటీలు కావాలన్నారు. మేముండేది బాడుగ ఇల్లు. మా మామగారికి గుడియాత్తంలో సొంత ఇల్లుంది, ఆయన వస్తానంటున్నారు. కానీ తమిళనాడు వాళ్లు పనికిరారు, లోకల్ షూరిటీనే కావాలని ఒక గుమాస్తా చెప్పాడు. కోర్టు బయట ఒకాయన 8 వేలిస్తే ఇద్దరినీ తానే తెస్తానంటున్నాడు. అమెరికాలో దీనికి కంపెనీలే ఉంటాయని మా అబ్బాయి అంటున్నాడు. డబ్బు ఇవ్వొచ్చా?

జవాబు: అమ్మా, ఆ ఎనిమిది వేలు ఇవ్వకండి. ఈపాటికే కొంత అడ్వాన్సు ఇచ్చి ఉంటే, మిగిలింది ఇవ్వకండి. మీ తమ్ముడు బయటికి రావడానికి సరైన దారులు మూడు నాలుగున్నాయి. వాటిలో ఒకటి మీ ఇంట్లోనే ఉంది, మీ మామగారు.

ముందు ఒక భయం తీసేస్తాను. ఇద్దరు షూరిటీలు, ఒక్కొక్కరికి 20 వేలు అనగానే 40 వేలు కట్టాలేమోనని చాలామంది అనుకుంటారు. ఆ రోజు కోర్టులో ఎవరూ పైసా కట్టక్కర్లేదు. ఈ మనిషి ప్రతి వాయిదాకూ వస్తాడు, రాకపోతే 20 వేలు నేను కడతాను అని జామీనుదారు, అంటే షూరిటీ, రాసి ఇచ్చే కాగితమే బాండు. ఆ మాట నిలబెట్టుకునే స్థోమత ఆయనకుందా లేదా చూడ్డానికే పట్టాదారు పాస్‌బుక్కో, ఇంటి పన్ను రసీదో, ఉద్యోగస్తుడైతే జీతం సర్టిఫికెట్టో అడుగుతారు. మీ తమ్ముడు తన తరఫున ఇంకో బాండు రాసిస్తాడు. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ పద్ధతి పాతదే.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లైసెన్సుతో ఈ వ్యాపారం చేసే ఏజెంట్లు ఉన్నారు. బెయిల్ మొత్తంలో మామూలుగా పది శాతం ఫీజు తీసుకుని మిగతాదానికి పూచీ వాళ్లు పడతారు. కేసు కొట్టేసినా ఆ పది శాతం వెనక్కి రాదు. అక్కడ కూడా కెంటకీ, ఆరెగాన్, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో ఈ వ్యాపారం కుదరదు. ఇలినాయ్ అయితే 2023 సెప్టెంబరు నుంచి డబ్బు పెట్టి బెయిల్ తెచ్చుకునే పద్ధతినే ఎత్తేసింది. మన దేశంలో అలాంటి లైసెన్సు ఎవరికీ లేదు. ఇక్కడ జామీనుదారు అంటే ముద్దాయిని ఎరిగిన మనిషి, అతను పారిపోకుండా చూసుకోగల మనిషి అని అర్థం. డబ్బు తీసుకుని ఎవరికి పడితే వాళ్లకి జామీను పడే మనిషికి చట్టంలో చోటు లేదు.

ఇది నీతులు చెప్పడానికి రాయడం లేదు. నా దగ్గరికి ఒక తల్లి వచ్చింది, పూలు కట్టి అమ్ముకునే ఆవిడ. కొడుకు కోసం చెవి కమ్మలు అమ్మి ఇలాంటి మధ్యవర్తికే డబ్బిచ్చింది. అతను ఇద్దరిని తెచ్చాడు. జడ్జి గారు మొదటివాడిని బోనెక్కించి, "ముద్దాయి నీకేమవుతాడు?" అని అడిగారు. "మా ఊరోడు సార్" అన్నాడు. "ఏ ఊరు?" అన్నారు. వాడు చెప్పిన ఊరు ఒకటి, ఆ తల్లిది ఇంకోటి. పాస్‌బుక్ తిప్పి చూస్తే అదే పుస్తకంతో అప్పటికే వేరే కేసుల్లో జామీను పడి ఉన్నాడు. ఇద్దరినీ తిప్పి పంపేశారు. కొడుకు ఇంకో రెండు వారాలు లోపలే ఉన్నాడు. డబ్బు అడగడానికి ఆవిడ వెళితే మధ్యవర్తి ఫోన్ ఎత్తలేదు.

ఆ డబ్బు కోర్టుకెళ్లి వసూలు చేసుకోవడమూ కుదరదు. జామీను పడినందుకు డబ్బిస్తామనే ఒప్పందాన్ని కోర్టులు చెల్లనిదిగానే చూస్తాయి. ఇంతకుముందు ఎంతమందికి జామీను పడ్డాడో ప్రతి షూరిటీ కోర్టుకు రాసివ్వాలని చట్టం చెబుతోంది, దాచితే దొరికిపోతాడు. ఇంకొకరి పేరుతో, ఇంకొకరి ఆధార్‌తో జామీను పడితే మూడేళ్ల దాకా జైలు పడే నేరం. ఆ మనిషిని తెచ్చుకున్నది మీరే కాబట్టి పోలీసులు మీ ఇంటికీ రావచ్చు.

ఇక గుడియాత్తం సంగతి. జామీనుదారు ఇదే జిల్లావాడు, ఇదే రాష్ట్రంవాడు అయి ఉండాలని చట్టంలో ఎక్కడా రాసి లేదు. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు ఆయన్ని 10 వేలకు షూరిటీ అడిగారు. ఆయన సోదరుడు వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పి పంపారు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ పద్ధతి తప్పన్నారు. దేశమంతా ఒకటైనప్పుడు పక్క జిల్లావాడిని పరాయివాడిగా చూడటం సమానత్వానికి విరుద్ధమని చెప్పి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద మేస్త్రీని వదిలిపెట్టమన్నారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ ఇదే విషయం ఎత్తింది. బెయిల్ వచ్చినా మనుషులు లోపలే ఉండిపోవడానికి లోకల్ షూరిటీ పట్టుదల ఒక కారణమని, అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టకపోవచ్చని కోర్టులకు సూచించింది. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల చాలా కుటుంబాలకు వేలూరు, గుడియాత్తం, తిరుత్తణిలో బంధుత్వాలున్నాయి. శేషాచలం ఎర్రచందనం కేసుల్లో పట్టుబడ్డ తమిళ కూలీలు, బెయిల్ ఆర్డరు చేతికొచ్చాక కూడా పూచీ పడే లోకల్ మనిషి లేక నెలల తరబడి ఉండిపోవడం నేను కళ్లారా చూశాను. అందుకే గుమాస్తా మాట విని మీరు వెనక్కి తగ్గడం నాకు బాధగా ఉంది.

మీ బెయిల్ ఆర్డరు కాపీ తీసి చదివించుకోండి. అందులో "స్థానిక" అన్న మాట లేకపోతే, గుమాస్తా చెప్పింది అలవాటు మాత్రమే. మామగారిని స్వయంగా రమ్మనండి. ఇంటి దస్తావేజు నకలు, ఈ ఏడాది ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఫొటోలు, అరవంలో ఉన్న కాగితాలకు తెలుగో ఇంగ్లిషో తర్జుమా, ఇవన్నీ ఉండాలి. కాగితాలు సరైనవో కాదో కనుక్కోమని కోర్టు అక్కడి అధికారులకు రాయొచ్చు, దానికి కొన్ని రోజులు పట్టొచ్చు. ఆ ఆలస్యాన్ని తట్టుకోవడానికే కింద చెప్పే పిటిషన్ కూడా వెంటనే వేయమంటున్నాను.

బోనులో అడిగే ప్రశ్నలకు ఆయన్ని సిద్ధం చేయండి. ముద్దాయి మీకేమవుతాడు, ఎన్నేళ్లుగా తెలుసు, ఎంత మొత్తానికి పూచీ పడుతున్నారు, అతను రాకపోతే ఏమవుతుందో తెలుసా. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. అరవంలో చెప్పినా ఫర్వాలేదు.

పిటిషన్ అంటే, బెయిల్ ఇచ్చిన కోర్టులోనే షరతు సడలించమని అడగడం. బాండు మొత్తం మనిషి పరిస్థితిని బట్టి ఉండాలి, మితిమీరి ఉండకూడదు అని ఆ కొత్త సంహితలోని సెక్షన్ 484 చెబుతోంది. ఇద్దరికి బదులు ఒక్క షూరిటీ చాలనో, మొత్తం తగ్గించమనో అడగొచ్చు. అక్కడ కాదంటే సెషన్స్ కోర్టుకూ హైకోర్టుకూ తగ్గించే అధికారం ఉంది. చాలామంది మర్చిపోయే దారి ఇంకొకటి సెక్షన్ 490. బాండుకు బదులు, కోర్టు ఒప్పుకుంటే, అది చెప్పిన మొత్తాన్ని నగదుగా జమ చేయొచ్చు. ఆ మధ్యవర్తికి పోసే ఎనిమిది వేలు తిరిగి రావు. కోర్టులో జమ చేసింది, మీ తమ్ముడు వాయిదాలు తప్పకుండా ఉంటే, కేసు అయ్యాక వెనక్కి వస్తుంది. రసీదు మాత్రం బీరువాలో పెట్టుకోండి, సంవత్సరాల తర్వాత అవసరమవుతుంది.

లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడకండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. ఆడవాళ్లకూ అదే హక్కు ఉంది. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, తిరుపతి కోర్టులో దాని మండల కమిటీ ఉంది. 15100కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. నేను పైన చెప్పిన 2023 ఉత్తర్వులోనే ఇంకో మంచి మాట ఉంది. బెయిల్ వచ్చిన 7 రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి, వాళ్లు మనిషిని పంపి సాయం చేయాలి. నెల దాటినా బాండ్లు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించొచ్చు. మీకు 9 రోజులైంది. తెలియజేశారా అని అడిగే హక్కు మీకుంది, అడగండి. నిజంగా గతిలేని ఖైదీల బెయిల్ మొత్తం ప్రభుత్వమే భరించే పథకం 2023లో కేంద్రం తెచ్చింది. మొదట్లో పరిమితి 40 వేలు. డ్రగ్స్, అవినీతి వంటి కొన్ని కేసులకు వర్తించదు, మీవాడి కేసు అలాంటిది కాదు.

ఇంకో మాట. మీ తమ్ముడిది నాన్ బెయిలబుల్ కేసు కాబట్టి ఇదంతా. బెయిలబుల్ కేసయితే స్టేషన్‌లోనే బెయిల్ హక్కుగా వస్తుంది, అరెస్టయిన వారం లోపల షూరిటీ తేలేకపోతే ఆ మనిషి పేదవాడనే భావించి సొంత బాండు మీద వదలాలి. మీ వీధిలో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను.

మామగారికి ఒక విషయం దాచకుండా చెప్పండి. మీ తమ్ముడు వాయిదా ఎగ్గొడితే కోర్టు వారెంటు ఇచ్చి, బాండు మొత్తం ఎందుకు కట్టించకూడదో చెప్పమని ఆయనకు నోటీసు పంపుతుంది. కట్టకపోతే జరిమానా వసూలు చేసినట్టే చేస్తారు, అదీ రాకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలు ఉండొచ్చు. తగిన కారణం చూపిస్తే కోర్టు ఆ డబ్బులో కొంత తగ్గించవచ్చు. మధ్యలో నమ్మకం పోతే జామీను విరమించుకుంటానని ఆయన ఎప్పుడైనా కోర్టును అడగొచ్చు, అప్పుడు మీ తమ్ముడు వేరే షూరిటీ తెచ్చుకోవాలి. ఒంట్లో బాగాలేక వాయిదాకు రాలేకపోతే ఆ రోజే లాయరుతో పిటిషన్ వేయించాలి. స్టేషన్‌లో సంతకం షరతు ఉంటే ఒక్క వారం కూడా తప్పకూడదు.

చివరగా, పేరు చూసుకోండి. రిమాండు కాగితంలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు, బెయిల్ ఆర్డరులో మూడోది ఉంటే జైలు వాళ్లు గేటు దగ్గరే ఆపేస్తారు. తేడా కనిపిస్తే ఇప్పుడే లాయరుకు చెప్పి కోర్టులో సరిచేయించండి. షూరిటీలు ఒప్పుకున్నాక విడుదల ఉత్తర్వు సాయంత్రం లాకప్ వేళలోగా జైలుకు చేరాలి, లేకపోతే ఇంకో రాత్రి లోపలే. కాబట్టి మామగారిని గుడియాత్తంలో తెల్లవారు బస్సు ఎక్కమనండి. కోర్టు మొదలయ్యే వేళకు ఆయన కాగితాలతో హాలు బయట కూర్చుని ఉండాలి.