గృహప్రవేశం దావత్‌లో మందు: పర్మిట్ సరే, పిల్లల సంగతేంటి?

మీ ప్రశ్న ఇదీ కదా అక్కా: ఉప్పల్ దగ్గర కొత్తిల్లు, పొద్దున వ్రతం, సాయంత్రం టెర్రస్ మీద దావత్, వంద మంది దాకా చుట్టాలు. మీ ఆయన వైపు వాళ్లు మందు లేని దావత్ ఏం దావత్ అంటున్నారు. దానికి పర్మిషన్ కావాలా, ఇంటర్, బీటెక్ చదివే పిల్లలు తాగితే కేసు మీ మీదికి వస్తుందా, చుట్టాలు చిన్నబుచ్చుకోకుండా వాళ్లని ఆపేదెట్లా అని అడిగారు. నేను వకీల్‌ని కాదు, ఎల్బీనగర్ వైపు క్యాటరింగ్ చేసుకునేవాణ్ణి. వంటతో పాటు మందు కౌంటర్ కూడా చాలాసార్లు మా నెత్తినే పడుతుంది కాబట్టి చూసింది చెప్తున్నా.

పర్మిషన్ కావాలి. ఇంట్లో నలుగురన్నదమ్ములు కూర్చుని ఓ సీసా తెరిస్తే ఎవరూ వచ్చి అడగరు. వంద మందిని పిలిచి పోస్తున్నారంటే మాత్రం ఎక్సైజ్ శాఖ దగ్గర ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. వాళ్ల వెబ్‌సైట్‌లోనే అప్లై చేసి ఫీజు కట్టొచ్చు. ఏ తేదీకి, ఏ అడ్రసుకి తీసుకుంటే దానికే చెల్లుతుంది. స్టార్ హోటల్‌కి ఒక రేటు, మామూలు చోటికి ఒక రేటు ఉంటుంది కాబట్టి కట్టే రోజు సైట్‌లో ఎంత చూపిస్తే అంతే లెక్క. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు: లోకల్ పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఎస్సై గారికి చెప్పొచ్చి, పర్మిషన్ అయిపోయిందనుకుంటారు. పోలీస్ స్టేషన్ వేరు, ఎక్సైజ్ స్టేషన్ వేరు. ఎస్సై గారు తలూపితే అది పర్మిట్ కాదు. కాగితం ఒకటి ప్రింట్ తీసి కౌంటర్ దగ్గర పెట్టుకోండి.

ఇంకో మాట, ముహూర్తం పెట్టించే ముందే డ్రై డే చూసుకోండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 అందరికీ తెలిసినవే. ఎలక్షన్లు వస్తే పోలింగ్‌కి ముందు నుంచే బంద్. మన సిటీలో బోనాలకి, గణేశ్ నిమజ్జనానికి కూడా కమిషనర్ ఆర్డర్‌తో వైన్స్ మూయిస్తారు. 2025లో దసరా సరిగ్గా గాంధీ జయంతి నాడే పడింది, ఏడాదిలో అతి పెద్ద దావత్ రోజున షాపులన్నీ బంద్. అలాంటి రోజు పర్మిట్ గురించి ఆలోచించడం కూడా దండగ.

సీసాలు వైన్స్‌లోనే కొనండి, బిల్లు పారేయకండి. మీ మరిదో, ఆయన ఫ్రెండో 'గోవా నుంచి తెప్పిస్తా, సగం రేటు' అంటాడు. లేకపోతే మిలిటరీ క్యాంటీన్ సరుకు అంటాడు. వద్దే వద్దు. ఇక్కడ ట్యాక్స్ కట్టని మందుని ఎక్సైజ్‌వాళ్లు నాన్ డ్యూటీ పెయిడ్ అంటారు, వాళ్లు ముందు వెతికేది దానికోసమే. మూత మీద తెలంగాణ ఎక్సైజ్ హోలోగ్రామ్ లేబుల్ ఉందా లేదా అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. పర్మిట్ చేతిలో ఉన్నా ఆ సీసా దొరికితే అది వేరే కేసు.

కాగితాల పని ఇంతే, ఒక పూటలో అవుతుంది. అసలు తలనొప్పి పిల్లలది.

తెలంగాణలో మందు కొనడానికి వయసు 21. బీటెక్ రెండో ఏడాది వాడికి మీసాలొచ్చినా, ఓటు హక్కు వచ్చినా లెక్కలోకి రాడు. 'గోవాలో 18కే ఇస్తారు' అని వాడు వాదిస్తాడు. నిజమే, గోవాలో 18. ఉప్పల్ గోవాలో లేదు. ఇక 18 నిండని పిల్లల విషయానికొస్తే చట్టం ఇంకా గట్టిది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం డాక్టర్ చెబితే తప్ప పిల్లలకి మత్తు ఇచ్చినవాళ్లకీ, ఇప్పించినవాళ్లకీ ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 'ఇప్పించినవాళ్లు' అన్నది కూడా అందులో ఉంది కాబట్టి, పోసింది మా బావ, నాకేం తెలీదు అనడం ఇంటివాళ్లకి అంత తేలిక కాదు. పైగా పర్మిట్ మీ పేరు మీదో మీ ఆయన పేరు మీదో ఉంటుంది. ఆ పూటకి బార్ ఓనర్‌కి ఉండే బాధ్యత మనదే అని నేనైతే లెక్కేసుకుంటాను.

ఇన్నేళ్లలో నేను చూసిందేంటంటే, ఫంక్షన్లలో పిల్లలకి మందు వైన్స్ నుంచి రాదు, మేనమామ చేతి నుంచి వస్తుంది. 'అరే, మొగోడివైనవురా, ఒక్క సిప్పు కొట్టు' అనేవాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. వాడు చెడ్డవాడు కాదు. రెండో పెగ్గు తర్వాత ప్రేమ ఎక్కువై అలా అంటాడు. రెండోది కల్లు. మన తెలంగాణలో కల్లుని చాలా ఇళ్లలో మందు కింద లెక్కే వేయరు. ఊరి నుంచి పెద్దనాన్న క్యాన్‌లో ఈత కల్లు తెస్తాడు, 'పొట్టకి మంచిది' అని పిల్లలకి కూడా గ్లాసు అందిస్తారు. కల్లు కూడా ఎక్సైజ్ కిందికే వస్తుంది, పైగా సిటీలో దొరికేదాంట్లో ఏం కలిసిందో దేవుడికే తెలియాలి. 2025 జులైలో కూకట్‌పల్లిలో ఆల్ప్రాజోలం, అంటే మత్తెక్కించే నిద్రమాత్రల మందు, కలిపిన కల్లు తాగి మనుషులు చనిపోయారు, అది పెద్దవాళ్లకే తట్టుకోలేనిదైంది. మూడోది బ్రీజర్. ఆడపిల్లలకి 'అది జ్యూసే కదా' అని ఇచ్చేస్తారు. సీసా తిప్పి చదవండి, 4.8 శాతం ఆల్కహాల్ అని రాసి ఉంటుంది.

నాగోలు వైపు ఒక ఫంక్షన్‌లో పిల్లల టేబుల్ మీద రెండు లీటర్ల థమ్సప్ బాటిల్ ఉంది. దూరం నుంచి చూస్తే మామూలే. మా వాడు గ్లాసులు తీయడానికి వెళ్లి నన్ను పిలిచాడు. రంగు పలచగా టీ డికాక్షన్‌లా ఉంది, పోస్తే బుడగ లేదు, మూత దగ్గర వాసన. అప్పటికి బాటిల్ సగం ఖాళీ. పక్కనే కూర్చున్న అత్తయ్యలు 'పాపం పిల్లలు కూల్‌డ్రింక్ తాగుతున్నారు' అనుకుంటున్నారు. ఆ రోజు నుంచి పిల్లలున్న ఫంక్షన్‌కి నేను పెద్ద బాటిళ్లు పెట్టను. 250 మిల్లీ చిన్న సీసాలే, సీల్ ఉన్నవి, ఎవరిది వాళ్లకి. కాస్త ఖర్చు ఎక్కువ అవుతుంది, కానీ సీల్ తీసిన సీసాలో కలిపే వీలే తగ్గిపోతుంది.

అట్లాగే కూల్‌డ్రింక్‌కి పేపర్ కప్పులు, మందుకి గ్లాసులు పెట్టండి. రెండూ ఒకటే రకం పెడితే ఎవరి చేతిలో ఏముందో ఎవరికీ తెలీదు. వేరువేరుగా పెడితే పదహారేళ్ల పిల్లాడి చేతిలో గ్లాసు కనపడగానే మీ అమ్మమ్మ కూడా పట్టేస్తుంది.

టెర్రస్ మీద టేబుళ్ల మధ్యలో సీసాలు పెట్టనివ్వకండి. కింద ఒక గది కౌంటర్ చేయండి, ఒకటే తలుపు ఉండాలి. పోసేవాడు ఒక్కడే, ఆ రోజు తాగనివాడు, పాతికేళ్లు దాటినవాడు, మొహమాటం లేనివాడు. పెగ్గు కొలతగా పోస్తాడు, సీసా చేతికివ్వడు. సీసా టేబుల్ మీదికి వచ్చిందంటే లెక్క పోయినట్టే. సగం తాగి వదిలేసిన గ్లాసులు కూడా వెంటవెంటనే తీసేయించండి. చిన్న పిల్లలు, అంటే ఎనిమిదేళ్లు పదేళ్ల వాళ్లు, వాటిలో అడుగున మిగిలింది రుచి చూస్తారు. పెద్దవాళ్ల కంటికి ఎంగిలి గ్లాసు, వాళ్ల కంటికి అదొక వింత.

ఇక్కడే మా లైన్‌లోవాళ్లు గట్టిగా చెప్పని సంగతి ఒకటుంది. సిటీలో క్యాటరింగ్ బాయ్స్ అని వచ్చేవాళ్లలో చాలామంది ఇంటర్ పిల్లలే. రోజు కూలికి, ఖర్చులకి వస్తారు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేస్తే వయసు కనపడదు. అన్నం వడ్డించడం వేరు. మందు ట్రే వాళ్ల చేతికి ఇచ్చారంటే అదే జువెనైల్ జస్టిస్ చట్టంలో 78వ సెక్షన్, అంటే పిల్లల చేత మందు అమ్మించడం, మోయించడం, సప్లై చేయించడం. శిక్ష 77వ సెక్షన్‌కి ఉన్నంతే. మీరు క్యాటరింగ్ మాట్లాడుకునేటప్పుడే 'కౌంటర్ దగ్గర ఎవరుంటారు, ఆధార్ చూపించండి' అని అడగండి. అడిగితే తప్పుగా అనుకునేవాడితో పని పెట్టుకోకండి.

దానికన్నా మామూలుగా జరిగేది ఇంకోటి. పదిన్నరకి సరుకు అయిపోతుంది, వైన్స్ పదకొండుకి మూసేస్తారు. అప్పుడు ఎవరో ఒకరు 'అరే చింటూ, బండేసుకుని పోయి ఓ ఫుల్ పట్కరా' అంటారు. చింటూకి పదిహేడు. ఒక్క మాటతో మూడు కేసులు. మైనర్ చేత మందు మోయించడం ఒకటి. 21 లేనివాడికి అమ్మినందుకు షాపువాడికి ఒకటి. మైనర్‌కి బండి ఇచ్చినందుకు మోటారు వాహనాల చట్టం ఒకటి, దానికి బండి ఓనర్‌కో తండ్రికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పైగా వాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. సరుకు ముందే సరిపడా తెచ్చుకోండి, అయిపోతే అయిపోయిందనండి. పెద్దవాళ్లు బండి తీసినా రక్తంలో 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంక్ అండ్ డ్రైవే. మొదటిసారికే పది వేల దాకా జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర శనివారం రాత్రి చెకింగ్ ఉంటే మీ బావగారి హోదా పనికిరాదు. ఇద్దరు డ్రైవర్లని మాట్లాడుకోవడం చవక.

చుట్టాలకి ఎలా చెప్పాలన్నారు. మీరు చెప్పకండి. కొత్తింటి సంబరంలో కోడలు నీతులు చెప్తోందన్న మాట ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. మీ ఆయన చేత, ఆయనకన్నా పెద్దవాడి చేత, వీలైతే మీ మామగారి చేత, దావత్‌కి రెండ్రోజుల ముందు ఫోన్‌లో చెప్పించండి. అక్కడికక్కడ, తాగిన తర్వాత చెబితే గొడవే. మాట కూడా చిన్నదిగా ఉండాలి: 'పర్మిట్ మన పేరు మీద ఉంది, పిల్లల చేతికి గ్లాసు పోతే నేను జైలుకి పోతా.' అప్పటికీ వినకపోతే తప్పు మా మీద తోసేయండి. 'క్యాటరింగోడు పిల్లలుంటే కౌంటర్ మూసేస్తానంటున్నాడు' అనండి. మాకేం బాధ లేదు, ఉప్పు తక్కువైందన్న మాటలు రోజూ పడేవాళ్లమే.

పిల్లలకి కూడా ఏదో ఒక పని ఉండాలి. ఒక మూల వాళ్లని ఊరికే కూర్చోబెడితే కౌంటర్ వైపే చూస్తారు. భోజనాలు ఎనిమిదికే మొదలుపెట్టండి, పిల్లలకి ముందు పెట్టేయండి. మగవాళ్ల సిట్టింగ్ అయ్యాక పదకొండుకి అన్నం అన్న పద్ధతి వల్లే సగం తిప్పలు. ఖాళీ కడుపుతో మూడు గంటలు మంచింగ్ ప్లేట్ల చుట్టూ తిరిగే పిల్లాడికి ఎవరో ఒకరు గ్లాసు అందిస్తారు. మిగిలిన సీసాలు లెక్కపెట్టి ఆ రాత్రే బీరువాలో పెట్టి తాళం వేయండి. అందరూ అలిసిపోయి నిద్రపోయాక, తెల్లారి పెద్దవాళ్లు లేచేలోపు జరిగే తాగుడు చాలా ఇళ్లలో బయటికి రాదు.

ఇంత చేసినా ఎవడో ఒకడు తాగి పడిపోయాడనుకోండి. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ గొంతులో పోయకండి, వేలు పెట్టి వాంతి చేయించకండి, పొరపోతే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి. పిలిస్తే పలకకపోయినా, శ్వాస నెమ్మదించినా, ఒళ్లు చల్లబడినా 108కి ఫోన్ చేయండి. పరువు పోతుందని గదిలో వేసి తలుపు మూసేవాళ్లని చూశాను. డాక్టర్‌కి ఎంత తాగాడో, ఏం తాగాడో దాచకుండా చెప్పండి.

ఇంట్లో వద్దంటే ఫామ్‌హౌస్‌లో పెట్టుకుంటామని మీ అబ్బాయి ఫ్రెండ్స్ అడుగుతున్నారని రాశారు. 2025 అక్టోబరులో మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో ఇన్‌స్టాగ్రామ్ పిలుపు మీద జరిగిన పార్టీపై పోలీసులు దాడి చేస్తే, దొరికినవాళ్లలో మైనర్లు ఇరవై మందికి పైనే. ఒకరికొకరు ముఖపరిచయం కూడా లేనివాళ్లు. ఆ వార్త వాడికి పంపండి, తర్వాత మాట్లాడండి.

చివరగా డీజే అడిగారు. మందు పర్మిట్‌కీ సౌండ్‌కీ సంబంధం లేదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా టెర్రస్ మీద స్పీకర్ పెట్టకూడదు. పక్కింటివాళ్లు 100కి ఫోన్ చేస్తే వచ్చే కానిస్టేబుల్ మొదట అడిగేది బాక్సులు ఆపమని, రెండోది కౌంటర్ మీద కాగితం ఏదని.