పాత్ పూర్తిగా పోతే పర్వాలేదు, సగం పోతేనే తంటా

సర్వర్ నుంచి స్టోరేజ్‌కి నాలుగు పాత్‌లు (దారులు) ఉన్నా, ఒకటి ఫెయిలైనప్పుడల్లా డేటాబేస్ అర నిమిషం బిగుసుకుపోతోంది, ఆ పాత్ తనంతట తనే తిరిగొచ్చి మళ్లీ పోతోంది అని మీ పోస్ట్‌లో అంటున్నారు. సరిగ్గా ఇదే మాకూ జరిగింది కాబట్టి రాస్తున్నాను.

లినక్స్‌లో పాత్ పోయిందని పసిగట్టేవి రెండున్నాయి. ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నెల్. ఒక ఐఓ (డిస్క్‌కి పంపిన రీడ్ లేదా రైట్) ఎర్రర్‌తో తిరిగొస్తే, ఆ పాత్‌ను ఫెయిల్డ్‌గా గుర్తించి అదే ఐఓను ఇంకో పాత్‌లో పంపుతుంది. రెండోది మల్టీపాత్‌డీ, అంటే ఈ పాత్‌లను కనిపెట్టుకుని ఉండే బ్యాక్‌గ్రౌండ్ ప్రోగ్రామ్. డిఫాల్ట్‌గా ఐదు సెకన్లకోసారి పాత్‌లను పలకరిస్తుంది. బాగున్న పాత్ అయితే ఆ వ్యవధిని 20 సెకన్ల దాకా పెంచుకుంటూ పోతుంది. పోయిన పాత్ మళ్లీ పలికితే తిరిగి వాడుకలోకి తెస్తుంది.

కేబుల్ పీకేస్తే లింక్ డౌన్ అయిందని హెచ్‌బీఏకి (సర్వర్‌లోని స్టోరేజ్ కార్డుకి) వెంటనే తెలుస్తుంది. లింక్ పోయాక ఐఓలను ఎర్రర్‌తో వెనక్కి పంపేముందు ఆగే సమయం, అంటే ఫాస్ట్ ఐఓ ఫెయిల్ టైమౌట్, డిఫాల్ట్‌గా ఐదు సెకన్లు. ఆ తర్వాత ఐఓ వేరే దారి పడుతుంది. టెస్టింగ్‌లో అందరం చేసేది ఇదే, అందుకే అందరం పాసవుతాం!

లింక్ అప్‌లోనే ఉండి మధ్యలో ఫ్రేములు (డేటా ముక్కలు) పోతుంటే మాత్రం చెప్పే నాథుడు ఉండడు. స్కజీ (డిస్క్‌లతో మాట్లాడే ప్రోటోకాల్) కమాండ్ టైమౌట్ డిఫాల్ట్‌గా 30 సెకన్లు. అది అయ్యేదాకా ఆ ఐఓ అలా వేలాడుతూనే ఉంటుంది. మీ అర నిమిషం బహుశా అదే. పైగా మల్టీపాత్‌డీ పాత్‌ను పలకరించడానికి పంపే టెస్ట్ యూనిట్ రెడీ చాలా చిన్న కమాండ్, అందులో డేటా ఏమీ ఉండదు. "ఉన్నావా?" అంటే "ఉన్నా" అనేస్తుంది. దాన్ని నమ్మి పాత్‌ను వెనక్కి తెస్తే, అసలు లోడ్ పడగానే మళ్లీ 30 సెకన్లు.

మేము రెండు రోజులు స్టోరేజ్ వాళ్లతో వాదించాం. చివరికి చూస్తే స్విచ్‌లో ఒక పోర్ట్‌కి సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో డేటా పాడైందని చెప్పేవి) నిమిషనిమిషానికీ పెరుగుతున్నాయి. ఎస్‌ఎఫ్‌పీ (పోర్ట్‌లో కేబుల్ తగిలించే మాడ్యూల్) పాడైంది. కొత్తది వచ్చేదాకా ఆ పోర్ట్‌ను డిసేబుల్ చేసేశాం. సగం ప్రాణంతో ఉన్నదాన్ని పూర్తిగా చంపాక డేటాబేస్ హాయిగా నడిచింది.

ఇలాంటి పాత్‌ల కోసమే మల్టీపాత్ కాన్ఫిగ్‌లో మార్జినల్ పాత్ సెట్టింగులు నాలుగున్నాయి. డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాయి, నాలుగూ పెడితేనే పనిచేస్తాయి. శాంపిల్ టైమ్ (పరీక్షించే వ్యవధి) కనీసం 120 సెకన్లు ఉండాలి. తక్కువ వ్యవధిలో రెండుసార్లు ఫెయిలైన పాత్‌ను పక్కనపెట్టి, నిజమైన రీడ్‌లతో పరీక్షించి, ఎర్రర్లు ఎక్కువుంటే వెంటనే వెనక్కి రానివ్వదు. మేము ఆ తర్వాతే ఆన్ చేశాం.

అన్ని పాత్‌లూ పోతే ఏం చేయాలో చెప్పే నో పాత్ రిట్రై సెట్టింగుకి క్యూ (ఐఓలను ఆపి ఉంచు) అని పెట్టి ఉంటే అదీ ఒకసారి చూసుకోండి. అన్ని పాత్‌లూ పోతే ప్రాసెస్‌లు డీ స్టేట్‌లో (ఐఓ కోసం ఎదురుచూస్తూ) ఇరుక్కుని కిల్ చేసినా చావవు. 12 అని పెడితే, ఐదు సెకన్ల లెక్కన ఒక నిమిషం ఆగి ఎర్రర్ ఇస్తుంది. స్కజీ టైమౌట్‌ను మాత్రం మీ స్టోరేజ్ గైడ్ చూడకుండా తగ్గించకండి. కంట్రోలర్ ఫెయిలోవర్‌కి (స్టోరేజ్‌లో ఒక కంట్రోలర్ పోతే ఇంకోటి అందుకోవడానికి) ఆ టైమ్ అవసరం కావచ్చు.

ముందైతే స్విచ్ పోర్ట్ ఎర్రర్ కౌంటర్లు క్లియర్ చేసి, గంట తర్వాత ఏ పోర్ట్‌లో పెరిగాయో చూసి ఇక్కడ పెట్టండి.