ఎండీ గారి పేరుతో మెయిల్, ఆపై వీడియో కాల్: చెల్లింపుకు ముందు చూడవలసినవి

సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందంటూ ఎండీ గారి పేరుతో మెయిల్ వచ్చిందనీ, తర్వాత ఆయనే వీడియో కాల్‌లో కనిపించి తొందరపెట్టారనీ, చెల్లింపును ఇంకా ఆపి ఉంచాననీ రాశారు. ఆపి మంచి పని చేశారు. ముఖం, గొంతు సరిపోవడం ఇప్పుడు రుజువు కాదు. హాంకాంగ్‌లో ఆరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ ఉద్యోగి ఒకరు నకిలీ వీడియో సమావేశంలో పై అధికారులను చూసి నమ్మి, 15 విడతల్లో దాదాపు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపిన సంగతి 2024లో బయటపడింది.

కాబట్టి ఆ మెయిల్‌లోని నంబరుకు కాకుండా, మీ దగ్గర మొదటినుంచీ ఉన్న నంబర్లకు మీరే ఫోన్ చేసి, ఎండీ గారినీ సరఫరాదారునూ విడివిడిగా అడగండి. పంపినవారి పేరును కాక పూర్తి చిరునామానూ, జవాబు ఏ చిరునామాకు వెళ్తుందో కూడా చూడండి.

మీ ఐటీ విభాగం మీ సంస్థ డొమైన్‌కు (మెయిల్ చిరునామాలో @ తర్వాతి భాగానికి), మెయిల్ నిజంగా అక్కడి నుంచే వచ్చిందో తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అమర్చి, ఆ తనిఖీలో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్‌ను 'నన్' (ఏమీ చేయవద్దు) దగ్గరే వదిలేయకుండా, నివేదికలు పరిశీలిస్తూ 'రిజెక్ట్' (తిప్పికొట్టు) వరకు తీసుకెళ్లాలి. అయితే అక్షరం తేడాతో కొన్న డొమైన్‌ను గానీ, నిజంగానే దొంగల చేతికి చిక్కిన మెయిల్ ఖాతాను గానీ ఇది ఆపలేదు. అందుకే సరఫరాదారు బ్యాంకు ఖాతా మార్పుకు ఇద్దరి ఆమోదం ఉండాలన్న నియమమే నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ కంటే ముఖ్యం.

ఇదివరకే కొంత సొమ్ము వెళ్లి ఉంటే, బ్యాంకుకూ, సైబర్ మోసాలపై ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకూ ఈరోజే ఫోన్ చేయండి.