ఆర్మీ నుంచి వచ్చాక సాలిడ్‌వర్క్స్ నేర్చుకుంటే డిజైన్‌లో ఉద్యోగం వస్తుందా?

మీ బావగారు ఆర్మీలో వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా పదిహేనేళ్లు చేసి టెక్కలి వచ్చేశారు, శ్రీకాకుళంలో సాలిడ్‌వర్క్స్ (కంప్యూటర్‌లో యంత్ర భాగాలు గీసే సాఫ్ట్‌వేర్) కోర్సులో చేర్చాలా అని అడిగారు. చేర్చండి. కానీ ముందు డ్రాయింగ్ రావాలి. సాఫ్ట్‌వేర్ ఎలాగూ చేతికొస్తుంది. టాలరెన్స్ (కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో ఆ హద్దు) ఎక్కడ ఎంత ఇవ్వాలో తెలియనివాళ్లను ఏ డిజైన్ ఆఫీసూ తీసుకోదు.

ఆటోక్యాడ్, క్యాటియా, క్రియో, ఆన్సిస్ అన్నీ మూడు నెలల్లో అని బోర్డు పెట్టే చోట మాత్రం డబ్బు కట్టొద్దు. అందరి చేతా ఒకే మోడల్ గీయించి సర్టిఫికెట్ ఇస్తారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ మోడల్ ఇప్పటికే వంద సార్లు చూసుంటారు.

దానికి బదులు పలాస జీడిపప్పు యూనిట్‌లో ఒక కన్వేయర్ డ్రమ్ షాఫ్ట్‌ను వెర్నియర్‌తో కొలిచి గీయమనండి. బేరింగ్ 6205 అనుకుందాం: లోపలి డయా 25, బయట 52, వెడల్పు 15 మి.మీ. షాఫ్ట్ మీద ఉత్త 25 అని రాస్తే లేత్ మీద పనిచేసే టర్నర్ 24.95 తీసినా ఆయన్ని అనడానికి లేదు. తిరిగే షాఫ్ట్ మీద లోపలి రింగు వదులైతే అది జారుతూ షాఫ్ట్‌నే అరగదీస్తుంది. అందుకే 25 కె6 అని రాయాలి, అంటే 25.002 నుంచి 25.015 లోపు. బేరింగ్ బయటి రింగు కూర్చునే హౌసింగ్ రంధ్రానికి 52 హెచ్7, ఇదీ అలాంటి టాలరెన్స్ కోడే. షోల్డర్ (బేరింగ్ ఆనే షాఫ్ట్ మెట్టు) మూలలో రేడియస్ 1 మి.మీ. లోపే ఉండాలి, లేకపోతే బేరింగ్ షోల్డర్‌కు ఆనదు. బేరింగ్ జారకుండా పట్టే సర్‌క్లిప్ రింగు గాడి డయా 23.9, వెడల్పు 1.3. షోల్డర్ నుంచి గాడి దాకా 15కి ప్లస్ 0.1, మైనస్ సున్నా. ఇక్కడ కాస్త తగ్గినా బేరింగ్ గాడి మీదికొచ్చి సర్‌క్లిప్ కూర్చోదు. బేరింగులు విప్పి బిగించిన మనిషికి ఇవన్నీ ఒక్కసారి చెబితే చాలు. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లకు లేని బలం ఇదే.

సాలిడ్‌వర్క్స్ స్కెచ్‌లో గీతలన్నీ నల్లబడే దాకా వదలొద్దు. నీలంగా ఉందంటే ఎక్కడో కొలత తక్కువైంది, తర్వాత ఏదో మార్చినప్పుడు మోడల్ విరుగుతుంది. ఫిల్లెట్లు (మూలల గుండ్రదనం) ఆఖర్న. డ్రాయింగ్‌లో పై, పక్క వ్యూలు ఎటువైపు పెట్టాలనే పద్ధతి మన దగ్గర ఫస్ట్ యాంగిల్, అమెరికా డ్రాయింగ్‌ల్లో థర్డ్ యాంగిల్. డ్రాయింగ్ మీద ఆ పద్ధతి గుర్తు చూడకుండా చదివితే పార్ట్ తిరగబడుతుంది. ఇంట్లో సాధనకు ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం.

ఉద్యోగం సంగతి: పైడిభీమవరం ఫార్మా ప్లాంట్లకు వెళ్లాలంటే పైపింగ్ డ్రాయింగ్‌లు, ఆటోక్యాడ్ ఎక్కువ పనికొస్తాయి. మెషిన్ డిజైన్ కావాలంటే విశాఖో హైదరాబాదో వెళ్లాల్సిందే. పదిహేనేళ్ల సర్వీసుకు ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ గ్రూప్ సి ప్రభుత్వ ఉద్యోగాలకు పనికొస్తుంది గానీ, అది ఇంజనీరింగ్ డిగ్రీ కాదు. డిప్లొమా లేకపోతే డ్రాఫ్ట్స్‌మన్ పోస్టుకే అప్లై చేయించండి, ఆ షాఫ్ట్ డ్రాయింగ్ ప్రింట్ చేతిలో పెట్టి పంపండి.

ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, డీజీఆర్ (మాజీ సైనికుల పునరావాసం చూసే రక్షణ శాఖ విభాగం) రీసెటిల్‌మెంట్ కోర్సుల గురించి పెన్షన్ రాకముందే యూనిట్‌లో అడగండి.