60 రోజుల గడువు మీద సంతకం పెట్టే ముందు

చిరంజీవి అమ్మలుకి,

నువ్వు పంపిన కాంట్రాక్టు రెండుసార్లు చదివాను. చేయాల్సిన పని గురించి పేజీలకు పేజీలు రాశారు. డబ్బు గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం: "ప్రాజెక్టు సంతృప్తికరంగా పూర్తయ్యాక, ఇన్‌వాయిస్ అందిన 60 రోజుల్లో చెల్లిస్తాం." అడిగితే ఏమనుకుంటారో అని భయపడుతున్నావు. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. కానీ ఆ వాక్యం కింద సంతకం పెడితే నువ్వు వాళ్లకి వెబ్‌సైటు చేసిపెట్టడమే కాదు, వడ్డీ లేకుండా, తాకట్టు లేకుండా అప్పు కూడా ఇస్తున్నావు. బ్యాంకయితే అప్పిచ్చే ముందు సవాలక్ష కాగితాలు అడుగుతుంది. నువ్వు ఒక్క ప్రశ్నకే మొహమాటపడుతున్నావు.

ఎంత అప్పిస్తున్నావో లెక్క వేసుకో. నెలకోసారి బిల్లు, 60 రోజుల గడువు అనుకుందాం. మొదటి బిల్లు 30వ రోజున పంపుతావు. ఆ డబ్బు రాలేదని తెలిసేది 90వ రోజున. ఈలోపు పని ఆపవు కదా, అంటే మూడు నెలల కష్టం వాళ్ల దగ్గర ఇరుక్కున్నాక గానీ సంగతి తెలియదు. అదే 15 రోజులకోసారి బిల్లు, 7 రోజుల గడువు పెట్టుకుంటే 22వ రోజుకే తేలిపోతుంది. పోతే మూడు వారాల పని పోతుంది. రేటు అదే, క్లయింటు అదే, మారినవి తారీఖులు. అందుకే నేను రేటు దగ్గర ఒక మెట్టు దిగుతాను గానీ గడువు దగ్గర దిగను. ఏ క్లయింటు దగ్గరైనా, మొత్తం మునిగినా తట్టుకోగలిగినంత బకాయే ఉండాలి. ఆ హద్దు ఎంతో పని మొదలవకముందే రాసిపెట్టుకో, మధ్యలో అయితే మనసు మెత్తబడుతుంది.

ఇక "సంతృప్తికరంగా" అన్న మాట. ఎవరి సంతృప్తి? ఆ సంగతి ఎక్కడా లేదు. ఎక్కువ డబ్బు ఇరుక్కునేది మోసగాళ్ల దగ్గర కాదు, ఈ మాట దగ్గరే. నువ్వు పని పంపుతావు, వాళ్ల మేనేజరు సెలవులో ఉంటాడు, వచ్చాక ఇంకొకరికి చూపించాలంటాడు, సైటు ప్రారంభం వచ్చే నెలకి వాయిదా పడుతుంది. ఎవరూ కాదనరు, ఎవరూ ఔననరు, 60 రోజుల గడియారం మొదలే కాదు. కాబట్టి ఆ మాట కొట్టేసి ఇలా రాయించు: "పని అప్పగించిన 7 పనిదినాల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే." ఎన్నిసార్లు మార్పులు చేసిపెడతావో అంకె వేసి రాయి. చివరి వాయిదా డబ్బుని ఎప్పుడూ సైటు ప్రారంభానికి ముడిపెట్టకు, ఆ తారీఖు నీ చేతిలో ఉండదు.

అడ్వాన్సు తప్పనిసరిగా అడుగు. మూడో వంతు నుంచి సగం దాకా అడగడం ఈ పనుల్లో మామూలే. అడ్వాన్సు విలువ డబ్బులో కంటే సమాచారంలో ఎక్కువ ఉంది: వాళ్ల అకౌంట్స్ విభాగం ఎంత వేగంగా కదులుతుందో, అసలు సంతకం పెట్టే అధికారం ఎవరిదో మొదటి వారంలోనే బయటపడుతుంది. పెద్ద కంపెనీల్లో వెండర్‌గా, అంటే సరఫరాదారుగా నమోదై, పర్చేజ్ ఆర్డర్ (పని మీకే ఇస్తున్నామని కంపెనీ రాసిచ్చే పత్రం) నంబరు చేతికొచ్చేదాకా బిల్లు ముట్టుకోరు. ఆ నంబరు ఎవరిస్తారో ఇప్పుడే కనుక్కో. మిగతాది పని దశల మీద వాయిదాలుగా కట్టించుకో. చివరి వాయిదా చిన్నదిగా ఉండాలి, ఎందుకంటే అన్నీ వాళ్ల చేతికి వెళ్లిపోయాక నీ ఫోన్ ఎత్తాల్సిన అవసరం వాళ్లకి తగ్గిపోతుంది. ఇంకో రెండు వాక్యాలు చేర్చు: పూర్తి డబ్బు అందాకే నువ్వు చేసిన పని మీద హక్కులు వాళ్లకి బదిలీ అవుతాయి, వాయిదా తప్పితే పని ఆపే హక్కు నీకుంది. "మాకు మా క్లయింటు ఇచ్చాక మీకు ఇస్తాం" అన్న షరతు మాత్రం ఒప్పుకోకు. ముక్కూ మొహం తెలియనివాడి అప్పు నీ నెత్తికెత్తుకున్నట్టే.

చట్టం అండ లేదని కాదు. బ్రిటన్‌లో 1998 చట్టం ప్రకారం వ్యాపార బకాయిలు ఆలస్యమైతే బేస్ రేటు (అక్కడి కేంద్ర బ్యాంకు ప్రకటించే వడ్డీ రేటు) మీద అదనంగా 8 శాతం వడ్డీ అడగొచ్చు. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి ఫ్రీలాన్సర్లకి, అంటే నీలా సొంతంగా పనులు ఒప్పుకునేవాళ్లకి, చట్టం ఉంది: తారీఖు రాసుకోకపోతే పని పూర్తయిన 30 రోజుల్లో చెల్లించాలి. భారత్‌లో 2006 నాటి చట్టం సూక్ష్మ, చిన్న సంస్థలకి రావాల్సిన బకాయిల గడువు 45 రోజులు దాటకూడదంటుంది. అయితే వీటిలో దేన్ని వాడుకోవాలన్నా రాతపూర్వక ఆధారాలు ఉంటేనే మంచిది. క్లయింటు వేరే దేశంలో ఉంటే కోర్టు ఖర్చే బకాయిని మించిపోవచ్చు. అలాంటివాళ్లకి అడ్వాన్సూ, చిన్న వాయిదాలే నిజమైన రక్షణ.

ఒక మోసం మాత్రం గుర్తుపెట్టుకో. కొత్త క్లయింటు నువ్వు అడిగినదానికంటే ఎక్కువ పంపి, "పొరపాటున ఎక్కువ వచ్చింది, మిగతాది ఫలానా వాళ్లకి పంపండి" అంటే పైసా పంపకు. ఖాతాలో కనిపించిన చెక్కు డబ్బు తర్వాత వెనక్కి పోవచ్చు, నువ్వు పంపింది మాత్రం తిరిగి రాదు.

డబ్బు ఆలస్యమైతే కోపం తెచ్చుకోకు, మౌనంగానూ ఉండకు. గడువుకి మూడు రోజుల ముందు ఒక చిన్న మెయిల్ పెట్టు. గడువు దాటిన మర్నాడే ఫోన్ చెయ్యి, నీతో ముచ్చటించే మేనేజరుకి కాదు, డబ్బు విడుదల చేసే మనిషికి. మాట్లాడింది అదే రోజు మెయిల్‌లో రాసి పంపు. వారం దాటితే పని ఆపుతున్నానని రాతపూర్వకంగా చెప్పి, నిజంగానే ఆపు. ఉడుకుమోతుతనంతో వాళ్ల సైటు మూసేయడం, పాస్‌వర్డులు మార్చడం లాంటివి మాత్రం వద్దు, బాకీ వాళ్లదైనా కేసు నీ మీద పడుతుంది. నిజంగా చేతిలో డబ్బు లేనివాళ్లయితే ఇవ్వగలిగిన మొత్తం ఇప్పుడే తీసుకుని తెగదెంపులు చేసుకో. కంపెనీ దివాలా తీస్తే తాకట్టు లేని నీలాంటివాళ్ల వంతు వరస చివర్లో ఎక్కడో వస్తుంది.

ఇప్పుడు ఈ కంపెనీకి జవాబు ఫోన్‌లో చెప్పకు, మెయిల్‌లో రాయి. 60 రోజులు మా పద్ధతి, మార్చలేం అంటే, ముందుగా సగం అడుగు. దానికీ కుదరదంటే మొదటి దశని విడి కాంట్రాక్టుగా రాయించు, అది రెండు వారాల్లో అయిపోయేంత చిన్నదిగా ఉండాలి. ఆ డబ్బు వచ్చాక రెండో దశ గురించి మాట్లాడదాం. వాళ్ల జవాబు రాగానే నాకు పంపు, సంతకం మాత్రం అప్పటిదాకా ఆపు.

ఆశీస్సులతో,
మీ బాబాయి