మయోటానిక్ డిస్ట్రోఫీ ఉన్నవాళ్లకు స్పీచ్ థెరపీ పనిచేస్తుందా?

మీ అన్నయ్యకు మయోటానిక్ డిస్ట్రోఫీ టైప్ 1 (కండరాలు బలహీనపడి, పట్టేసే వంశపారంపర్య జబ్బు) అని తేలిందనీ, ఈమధ్య మాట ముద్దగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తోందనీ, కొత్తవాళ్లు తాగాడనుకుంటున్నారనీ రాశారు. స్పీచ్ థెరపీకి తిప్పడం దండగేమోనని మీ సందేహం. దండగ కాదండీ. మా తమ్ముడికీ ఇదే జబ్బు. థెరపీతో వాడి కండరాలకు పోయిన బలం తిరిగి రాలేదు. కానీ వాడు చెప్పేది ఎదుటివాళ్లకు అర్థమవడం బాగా మెరుగైంది. ఈ రెండూ వేరు వేరని ముందే తెలుసుకుని వెళ్లండి.

ముందు ఎక్కడ ఏం జరుగుతోందో కనిపెట్టాలి. పెదవులు గట్టిగా కలవకపోతే ప, బ, మ సరిగా పలకవు. 'అప్పు', 'అమ్మ' లాంటి మాటల్లో పెదవులు ఇంకాస్త సేపు మూసుకుని ఉండాలి కాబట్టి అక్కడ ఇబ్బంది ఎక్కువ. అంగిలి వెనక మెత్తటి భాగం పైకి లేచి ముక్కుదారి మూయకపోతే గాలి ముక్కులోకి పోతుంది. అప్పుడు 'బావ' అంటే 'మావ' అన్నట్టు, 'డబ్బు' అంటే 'నమ్ము' అన్నట్టు వినిపిస్తుంది. మా తమ్ముడిది ముఖ్యంగా ఈ బాధే. థెరపిస్టు వాడి ముక్కు కింద చిన్న అద్దం పెట్టి 'పా పా పా' అనమన్నారు, అద్దం మీద ఆవిరి పట్టింది. ముక్కు మూసి అదే మాట అనిపిస్తే స్పష్టంగా వచ్చింది. ఇలా ఉన్నవాళ్లలో కొందరికి అంగిలిని పైకెత్తి పట్టే పళ్లసెట్టు లాంటి పరికరం పనికొస్తుంది. కట్టుడు పళ్లు చేసే ప్రోస్థోడాంటిస్టు, స్పీచ్ థెరపిస్టు కలిసి చూసి చెప్పాలి.

నాలుక సంగతి వేరు. ఈ జబ్బులో పిడికిలి బిగించి వదిలితే వేళ్లు వెంటనే తెరుచుకోవు కదా, నాలుకకూ ఆ పట్టేయడం ఉంటుంది. కాసేపు మౌనంగా ఉండి ఒక్కసారిగా మాట్లాడబోతే మొదటి నాలుగు మాటలు ఇరుక్కుంటాయి. మాట్లాడేకొద్దీ కాస్త వదులవుతుంది. అందుకే మా వాడు ఫోన్ చేసేముందు ఒంటరిగా కాసేపు 'త ట క, త ట క' అని పలికి, అప్పుడు నంబరు నొక్కుతాడు. అలాగని గంటల తరబడి నాలుక వ్యాయామాలు చేయించకండి. అలిసిన కండరం ఇంకా మొరాయిస్తుంది, సాయంత్రానికి మాట మరీ ముద్దవుతుంది. ముఖ్యమైన మాటలు వాడికి బాగున్న వేళకు పెట్టుకుంటున్నాం. కండరం పట్టేయడం తగ్గించడానికి మెక్సిలెటిన్ అనే మందు ఇస్తారు గానీ, అది గుండె లయ మీద పనిచేసే మందు. ఈ జబ్బే గుండె లయను చెడగొడుతుంది కాబట్టి ఈసీజీ చూసి డాక్టరే నిర్ణయించాలి.

థెరపీలో వాడు అసలు నేర్చుకున్నది నెమ్మదిగా, చిన్న చిన్న వాక్యాల్లో, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ మాట్లాడటం. మేం నేర్చుకున్నదీ ఉంది. పక్కగదిలోంచి కేకేసి జవాబు అడగం, వాడు మాట్లాడేటప్పుడు టీవీ ఆపుతాం, వాక్యం మేం పూర్తిచేయం. అర్థం కానప్పుడు తలూపి ఊరుకోకుండా 'ఏ ఊరన్నావు?' అని ఆ ఒక్క ముక్కే మళ్లీ అడుగుతాం. మీ ఇంట్లో వెంటనే మొదలుపెట్టదగ్గది ఇదే.

చుట్టాలు నాలుక మందమనీ, వసకొమ్ము అరగదీసి నాకించమనీ చెబుతారు. మా పెద్దమ్మ ప్రేమతోనే చెప్పింది, అయినా ఇది వసతో పోయేది కాదు. దాన్నలా ఉంచితే, అన్నం తినేటప్పుడు పొలమారితే మనవాళ్లు 'ఎవరో తలుచుకుంటున్నారు' అని నెత్తిమీద తడతారే, దయచేసి అక్కడితో వదిలేయకండి. మాట చెడగొట్టే కండరాలే మింగడంలోనూ పనిచేయాలి. నీళ్లు తాగాక గొంతు తడితడిగా గరగరలాడినా, తరచూ దగ్గొచ్చినా, మాటిమాటికీ ఛాతీలో నెమ్ము చేరినా మింగే పరీక్ష అడగండి. గొంతు బాగా సన్నగిల్లి, పొద్దున్నే తలనొప్పి, పగలంతా మత్తుగా ఉంటే ఊపిరితిత్తుల పరీక్ష కూడా చేయించాలి.

తాగాడనుకోవడం గురించి. ఈ జబ్బులో కనురెప్పలు వాలుతాయి, ముఖంలో నవ్వు కనబడదు, మాట ముద్ద. చూసినవాళ్లకు అలాగే అనిపిస్తుంది. ఒకసారి రాత్రిపూట మా వాణ్ని బండి ఆపి, ఊదే మిషన్ సున్నా చూపించినా చాలాసేపు నిలబెట్టారు. నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. అప్పట్నుంచి జేబులో ఒక కార్డు ఉంటుంది: జబ్బు పేరు, మాట ఎందుకు అలా వస్తుందో రెండు వాక్యాలు, మా ఫోన్ నంబరు, ఆపరేషన్ చేయాల్సి వస్తే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలన్న హెచ్చరిక. ఈ జబ్బులో మత్తుమందులతో నిజంగానే ప్రమాదం ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో కండర క్షీణత ఒకటి, కాబట్టి వైకల్య ధ్రువపత్రానికీ దరఖాస్తు చేయండి.

బెంగళూరు నిమ్‌హాన్స్‌లో నరాల డాక్టర్లు, స్పీచ్ విభాగం ఒకేచోట ఉన్నాయి. మైసూరులో మాట, వినికిడి సమస్యల కోసమే పనిచేసే జాతీయ సంస్థ ఉంది. దగ్గర్లోని థెరపిస్టు అయినా ఫరవాలేదు, కండరాల జబ్బులు చూసిన అనుభవం ఉందా అని మాత్రం ముందే అడగండి. వెళ్లేముందు మీ అన్నయ్య మాట్లాడుతుంటే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చిన్న వీడియోలు తీసి పట్టుకెళ్లండి.

మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. 19వ క్రోమోజోమ్ మీది ఒక జన్యువులో మూడక్షరాల ముక్క అతిగా పునరావృతం కావడం వల్ల వచ్చే జబ్బిది, 1992లో కనుక్కున్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం, తరం మారేకొద్దీ ముందే, తీవ్రంగా రావచ్చు. మా అమ్మకు చిన్న వయసులోనే శుక్లాలు వచ్చాయి, అది దీనిదేనని తమ్ముడి పరీక్ష తర్వాతే తెలిసింది. నేనూ పరీక్ష చేయించుకున్నాను, నాకు లేదని వచ్చింది. మీ విషయంలో చేయించుకోవాలో వద్దో జెనెటిక్ కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడండి, పిల్లల గురించి ఆలోచిస్తుంటే ఇంకా ముందే.