బంతి చేజారాకే అసలు పని

ఈ నెల ఉత్తరాల్లో ఐదు ఒకే ఆట గురించి వచ్చాయి. చదువులకీ ఉద్యోగాలకీ ఆస్ట్రేలియా వెళ్లిన మన జిల్లాల కుటుంబాల్లో పిల్లలు అక్కడి ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఇక్కడ పెద్దలు ఫోన్లో చూస్తున్నారు గానీ ఏం జరుగుతోందో తెలియక తికమకపడుతున్నారు. కొత్తవారికి నాలుగు ముక్కలు: కోడిగుడ్డు ఆకారపు మైదానం, జట్టుకు 18 మంది, కోలగా ఉండే బంతి. బంతిని తన్నవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు, విసరకూడదు. నడిమి రెండు స్తంభాల మధ్యకి తన్నితే 6 పాయింట్లు, పక్క స్తంభాల మధ్య నుంచి పోతే 1.

ప్రశ్న: మావాడికి 17 ఏళ్లు. మెల్‌బోర్న్‌లో మా అక్క ఇంట్లో ఉండి చదువుకుంటూ అక్కడి క్లబ్బులో ప్రెషర్ ఫార్వర్డ్‌గా ఆడుతున్నాడు. పోయిన ఏడు ఆటకి ఒకటో రెండో గోల్స్ కొట్టేవాడు. ఈ ఏడు కోచ్ మైదానం మధ్య దాకా పరుగెత్తమంటున్నాడట, గోల్స్ పడిపోయాయి. వాణ్ని పక్కన పెట్టేస్తున్నారా?
– ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: లేదండీ, పని పెంచారు. ప్రెషర్ ఫార్వర్డ్ అంటే ప్రధానంగా గోల్ కొట్టేవాడు కాదు. తన జట్టు చేతిలోంచి బంతి పోయిన క్షణాన అతని పని మొదలవుతుంది. బంతి చిక్కగానే అవతలి డిఫెండర్లు దాన్ని బయటికి తీసుకుపోవడానికి మైదానం వెడల్పంతా విడిపోతారు. సరిగ్గా ఆ సమయంలో గోల్‌కి 40 మీటర్ల దూరంలో బంతి తిరిగి లాక్కుంటే, అడ్డుకోవడానికి దగ్గర్లో ఎవరూ ఉండరు. అతణ్ని జట్టులో పెట్టుకునేది ఇందుకే.

కుర్రాడికి మొదటి ఏడు ఇచ్చే పని చిన్నది. గోల్ ముందు 50 మీటర్ల వంపు లోపలే ఉండాలి. పొడుగు ఫార్వర్డ్ ఎగిరినప్పుడు కింద రాలిన బంతి ఏరుకోవాలి, అది అవతలివాడికి దొరికితే తరమాలి. ఇక్కడ నిలబడే చోటే కీలకం. ఎగిరే గుంపుకి ఎదురుగా, బంతి ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపున, రెండు మూడు మీటర్ల దూరంలో ఉండాలి. డిఫెండర్ పిడికిలితో గుద్దిన బంతి ఎక్కువగా వచ్చిన దారినే వెనక్కి పడుతుంది. కుర్రాళ్లు గుంపు కిందికి దూరిపోతారు, బంతి వాళ్ల తల మీదుగా పోతుంది. నిలబడి ఎదురుచూసినా లాభం లేదు, బంతి నేలను తాకే వేళకి పరుగు మీద చేరాలి.

రెండో ఏడు, ఊపిరి నిలుస్తోందని కోచ్‌కి నమ్మకం కుదిరాక, అతణ్ని మైదానం మధ్యకి పిలుస్తారు. బంతి కోసం పెనుగులాట జరిగే చోట ఒక మనిషి అదనంగా ఉండాలని. ఏఎఫ్‌ఎల్‌లో (ఆస్ట్రేలియాలో ఈ ఆటకి అన్నిటికన్నా పై లీగ్) 2019 నుంచి మైదానం నడుమ ఆట మొదలయ్యే ప్రతిసారీ ఒక్కో జట్టు ఆటగాళ్లు ఒక్కో వంపు లోపల ఆరుగురు చొప్పున ఉండాలి, మధ్యలో ఆరుగురు. కాబట్టి ఫార్వర్డ్ వంపులోనే మొదలుపెట్టి, ఆట మొదలయ్యాక పైకి, అంటే మైదానం మధ్యకి, ఉరకాలి. పెనుగులాట అయ్యాక మళ్లీ 50, 60 మీటర్లు గోల్ వైపు వెనక్కి. పైకి అందరూ వెళ్తారు. తిరిగి రావడంలోనే కుర్రాళ్లు జారిపోతారు. మీవాడు రాకపోతే అతనికి కాపలా ఉన్న డిఫెండర్‌కి పనుండదు. ఖాళీగా ఉన్నవాడు వచ్చే ప్రతి బంతికీ అడ్డుపడతాడు. గోల్స్ తగ్గడం మామూలే, ఎందుకంటే బంతి వంపులోకి పడేసరికి అతను ఇంకా దారిలో ఉంటాడు. మీరు చూడాల్సింది ఒకటే: మూడో క్వార్టర్ చివర్లో, అలసిపోయాక కూడా, వెనక్కి ఉరుకుతున్నాడా లేదా. ఉరుకుతున్నాడంటే రేపు వింగ్‌కో (మైదానం అంచు), మిడ్‌ఫీల్డ్‌కో (నడిమి), హాఫ్ బ్యాక్‌కో (వెనక డిఫెండర్ల వరస) దారి పడినట్టే.

ప్రశ్న: మా తమ్ముడి ఆట లెక్కల్లో ‘ప్రెషర్’ అని అంకెలు రాస్తున్నారు. గోల్ అర్థమవుతుంది, ఇదేం లెక్క?
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: ఏఎఫ్‌ఎల్‌కి లెక్కలు కట్టే చాంపియన్ డేటా సంస్థ పద్ధతి ఇది. బంతి ఉన్నవాడి మీద పెట్టే ఒత్తిడిని నాలుగు రకాలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో విలువ ఇస్తుంది. ఒంటితో తాకి అడ్డుకుంటే 3.75, మీదికి దూసుకొచ్చి దూరం మూసేస్తే 2.25, వెనక నుంచి తరిమితే 1.5, ముందు నిలిచి దారి కాస్తే 1.2. పట్టు దొరకకపోయినా లెక్కలోకి వస్తుందన్నమాట. తరిమితే భయపడి బంతిని తప్పుగా తన్నేస్తాడు కదా, ఆ మేలు తరిమినవాడిదే. చిన్న క్లబ్బుల్లో ఇంత లోతుగా రాయరు. ఇంట్లో కూర్చుని చూసేవారు వంపు లోపల పట్టిన ట్యాకిళ్లు (బంతి ఉన్నవాణ్ని ఒడిసి పట్టడం), తరిమినవి రెండే గీతలు గీసుకుంటే చాలు.

ప్రశ్న: మా బడిలో 22 మంది పిల్లలు, అందరూ కబడ్డీ ఆడినవాళ్లే. ఈ ఆటలోని తరిమి పట్టే సాధన వాళ్లకి నేర్పాలనుంది. ఏం చేయించాలి? ఏం జాగ్రత్త తీసుకోవాలి?
– ఒక పీఈటీ, పలాస

జవాబు: మాస్టారూ, మీ పిల్లలకి సగం వచ్చేసినట్టే, మిగతా సగం మాత్రం మరిపించాలి. రైడర్ ఏ వైపు తిరుగుతాడో కనిపెట్టి, అతను తిరిగే గీతకి రావడం కార్నర్‌కి (కోర్టు మూలన కాచేవాడికి) తెలుసు. ఆ కన్ను ఇక్కడా పనికొస్తుంది. నడుం పట్టు కూడా. కానీ మడమ పట్టు ఇక్కడ తప్పు. ట్యాకిల్ భుజాలకి కింద, మోకాళ్లకి పైన పడాలి. అంతకు పైనైనా కిందైనా ఎదుటివాడికి ఫ్రీ కిక్. కబడ్డీ కుర్రాడి చెయ్యి అలవాటుగా మడమకే పోతుంది. అందుకని మొదటి రెండు వారాలు బంతి పట్టేవాడి రెండు తొడలకీ, మోకాలికి నాలుగు వేళ్ల పైన, పాత తుండుగుడ్డ పీలిక కట్టండి. పీలిక కింద చెయ్యి పడితే ఈల వేయండి. చెప్పినదానికంటే ఆ పీలిక త్వరగా నేర్పుతుంది.

ఇంకో తేడా. కబడ్డీలో రైడర్ని గీత దాటిస్తే అవుట్. ఇక్కడ బంతి గీత దాటితే సాధారణంగా మైదానంలోకి తిరిగి విసురుతారు, అంతే. అయినా గీత వైపుకే తోలాలి. ఆ పక్క అతనికి తప్పించుకునే చోటు ఉండదు. నడిమి వైపు వదిలితే ముగ్గురు సహచరులు కనిపిస్తారు.

మొదటి సాధన: సున్నంతో 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గీయండి. చివరి గీత మీద 3 మీటర్ల ద్వారాలు రెండు పెట్టండి, ఒకటి నడిమి వైపు, ఒకటి అంచు వైపు. బంతి పట్టినవాడు ఏదో ఒక ద్వారం దాటాలి. తరిమేవాడు 8 మీటర్ల దూరం నుంచి బయల్దేరి అతణ్ని అంచు ద్వారానికే మళ్లించాలి. మొదటి మూడు అంగలు పూర్తి వేగం, చివరి నాలుగైదు మీటర్లలో చిన్న చిన్న అడుగులు, పరుగు కొంచెం వంపుగా నడిమి వైపు మూస్తూ. పట్టు వద్దు, రెండు చేతులతో నడుము తాకితే చాలు. ఒక్కొక్కరికి ఆరు సార్లు. ఎక్కువ మంది పాడుచేసుకునేది ఇక్కడే. సూటిగా పూర్తి వేగంతో వస్తారు, అతను ఒక్క అడుగు పక్కకి వేసేసరికి ముందుకి కొట్టుకుపోతారు.

రెండోది పట్టు. తవ్వి మెత్తబరచిన కోర్టులో గానీ ఇసకలో గానీ ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టాలి. పట్టేవాడి తల ఎదుటివాడి తుంటి పక్కన ఉండాలి, ముందుకి రాకూడదు. వస్తే మెడకి ముప్పు. బంతి ఉన్న చేతిని ముందు బంధించాలి. నడుము మాత్రమే పట్టుకుంటే అతను హాయిగా పిడికిలితో బంతిని పక్కవాడికి కొట్టేస్తాడు, పట్టు ఉన్నా ఫలం ఉండదు. అలాగని రెండు చేతులూ బంధించి గిరాటేసి నేలకి కొడితే తల నేలకి తగులుతుంది. ఏఎఫ్‌ఎల్‌లో దానికి మ్యాచ్‌ల నిషేధం పడుతుంది. వెనక నుంచి పట్టినప్పుడు వీపు మీద పడితే తోసినట్టే లెక్క, కాబట్టి పడేటప్పుడు ఒంటిని పక్కకి తిప్పాలి. అలసిన కుర్రాడు మోకాళ్లు వంచడు, చెయ్యి మెడ మీదికి పోతుంది. ఈ సాధన ఎప్పుడూ ఒళ్లు తాజాగా ఉన్నప్పుడే, ముందుగానే చేయించండి.

చివరిగా 25 మీటర్లకి 20 మీటర్ల చోట ముగ్గురు తరిమేవాళ్లు, నలుగురు బంతి కాపాడేవాళ్లు. 30 సెకన్లు ఆట, 90 సెకన్లు విరామం, ఆరు విడతలు. ముగ్గురూ బంతి మీదికే ఎగబడితే అవతల మిగతా ముగ్గురూ ఖాళీ. ఒకడు మీదికి వెళ్తే మిగతా ఇద్దరూ బంతి వెళ్లబోయే చోటు కాయాలి. కవర్, కార్నర్ కలిసి కదిలినట్టు.

అసలు బంతి నిలువు చుట్టుకొలత 720 నుంచి 730 మిల్లీమీటర్లు, అడ్డం 545 నుంచి 550. అది దొరక్కపోతే పట్టు సాధనకి రగ్బీ బంతి సరిపోతుంది. నదీ తీరపు ఇసకలో పట్లు నేర్పండి గానీ పరుగులు వారానికి ఒక రోజుకి మించొద్దు, పిక్కలు పట్టేస్తాయి.

ప్రశ్న: మా చెల్లి అడిలైడ్‌లో ఆడుతూ ట్యాకిల్‌లో తల తగిలి కాసేపు మబ్బుగా అయిపోయింది. వచ్చే వారం మ్యాచ్ ఆడేస్తానంటోంది. ఆడవచ్చా?
– ఒక అన్న, శ్రీకాకుళం

జవాబు: ఆడకూడదు. అక్కడి క్లబ్బు స్థాయి ఆటలకి ఏఎఫ్‌ఎల్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం తల అదిరినవారు మళ్లీ మ్యాచ్ ఆడటానికి కనీసం 21 రోజులు ఆగాలి, డాక్టర్ అనుమతి కూడా కావాలి. ఆ లోపల కూడా మెట్టు మెట్టుగానే: ముందు విశ్రాంతి, తర్వాత మామూలు చదువు, నడక, తేలికపాటి పరుగు, ఆ తర్వాతే ఒళ్లు తగిలే సాధన. ఏ మెట్టు దగ్గరైనా తలనొప్పి తిరిగొస్తే వెనక్కి రావాలి. తలనొప్పి ముదిరినా, వాంతులైనా, మాట తడబడినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లమనండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు, ఇవాళే ఫోన్ చేయండి.

ప్రశ్న: ఈ పాత్ర ఎలా మారుతుందో నేర్చుకోవడానికి ఎవరి ఆట చూడాలి?
– డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: డేనియల్ రియోలీని చూడండి. 1980 తర్వాత టైటిల్ ఎరగని రిచ్‌మండ్, 2017లో ఫైనల్లో అడిలైడ్‌ని 48 పాయింట్లతో ఓడించింది. ఆ జట్టు ముందువరసలో పొడుగు మనిషి జాక్ రీవోల్ట్ ఒక్కడే. చుట్టూ రియోలీ, కస్టాన్యా, బట్లర్ లాంటి పొట్టి, చురుకైన కుర్రాళ్లు తరుముతూ ఉండేవారు. సెమీఫైనల్లాంటి ప్రిలిమినరీ ఫైనల్లో రియోలీ 4 గోల్స్ కొట్టాడు. 2019, 2020 టైటిళ్లలోనూ ఉన్నాడు. 2021లో అతణ్ని హాఫ్ బ్యాక్‌కి మార్చారు. ఏళ్ల తరబడి డిఫెండర్లని తరిమినవాడికి, తరిమేవాడు ఏ వైపు నుంచి వస్తాడో తెలియదా! తర్వాత గోల్డ్ కోస్ట్‌కి వెళ్లాడు.

రెండోవాడు మెల్‌బోర్న్ జట్టు కైసయా పికెట్. 2019 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని క్లబ్బులు వంతులవారీగా ఎంచుకోవడం) 12వ ఎంపిక, 2021 టైటిల్ జట్టులో చిన్న ఫార్వర్డ్, తర్వాత మిడ్‌ఫీల్డ్‌లో ఎక్కువ సమయం. ఇద్దరి పాత, కొత్త ఆటలు పక్కపక్కన పెట్టుకుని చూడండి. బంతి వెంట కళ్లు పెట్టకండి, ఒక క్వార్టర్ అంతా వాళ్లనే చూడండి. ముఖ్యంగా ఎదుటివాడు బంతిని గాల్లో అందుకుని మార్క్ తీసుకున్నప్పుడు. 2021 నుంచి అంపైర్ ‘స్టాండ్’ అనగానే మార్క్ దగ్గర ఉన్నవాడు కదలకూడదు, కదిలితే 50 మీటర్ల జరిమానా. ఆ పిలుపు వినేలోగా అక్కడ నిలబడాలా, వెనక్కి వెళ్లి ఖాళీ కాయాలా అన్నది వాళ్లు ఎంత త్వరగా తేల్చుకుంటారో గమనించండి.